లాగి చూడని నలభై

ఓడలో నాలుగో రోజు పొద్దున భోజనాల హాలు బయట గోడకి ఒక కాగితం అంటించారు. మర్నాడు ఉదయం ఓడ ఒక రేవులో ఆగుతుంది. ఇష్టమైనవాళ్ళని అక్కణ్ణుంచి చిన్న పడవలో తిమింగలాలు తిరిగే చోటికి తీసుకెళ్ళి మూడు గంటల్లో తీసుకొస్తారు. వచ్చేవాళ్ళు సాయంత్రం ఆరు లోపల కౌంటరులో పేర్లు రాయించుకోవాలి. అంతే సంగతి. అది చదివినవాళ్ళందరికీ హుషారు పుట్టింది. ఒక్క లాగుడక్కకి మాత్రం ముచ్చెమటలు పోశాయి.

"చూశావటోయ్? బస్సంత ఉంటుందట," అన్నాడు మొగుడు, కాగితం మీద వేలు పెట్టి. "ముప్ఫై రెండేళ్ళు బస్సు తోలాను. నిజంగా బస్సంత ఉందో లేదో నాకంటే బాగా చెప్పేవాడు ఈ ఓడలో ఇంకోడు లేడు."

"ఆ చిన్న పడవలు మనకెందుకండీ," అంది ఆవిడ.

"ఇప్పుడే వెళ్ళి ముగ్గురికీ రాయించేస్తాను," అని కూతురు అప్పటికే నాలుగడుగులు వేసింది.

"ఆగవే! సాయంత్రం దాకా టైముందిగా. తొందరేం?" అని లాగుడక్క కూతురి చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడం అంటే మామూలు పట్టు కాదు, ఉడుంపట్టు. "అబ్బా, అమ్మా, నొప్పి!" అంది ఆ పిల్ల, నవ్వుతూనే. అలా ఆవిడ ఎనిమిది గంటల గడువు సంపాదించుకుంది. ఆ ఎనిమిది గంటల్లో ఏం చెయ్యాలో మాత్రం ఆవిడకి తెలియదు.

ఆ పేరేమిటని అడుగుతారేమో. అది కన్నవాళ్ళు పెట్టింది కాదు, వర్క్‌షాపులో పడింది. అక్కడ లైఫ్ జాకెట్లు కుట్టేవాళ్ళు. పొడుగాటి గది, చేతికందని ఎత్తులో కిటికీలు, నాలుగు వరసల మిషన్లు, గదంతా ఎగిరే నురుగు ముక్కలు. ఆ ముక్కలు జుట్టులో, చెవుల్లో, ఆఖరికి భోజనం డబ్బాల్లో కూడా చేరేవి. గది చివర, తలుపు పక్కన చెకింగ్ బల్ల. ఇరవై తొమ్మిదేళ్ళు ఆవిడ నిలబడి పనిచేసింది ఆ బల్ల దగ్గరే.

బల్ల పక్కన గోడకి ఒక చెక్క మొండెం బిగించి ఉండేది. తల లేదు, చేతులు లేవు, వెడల్పాటి ఛాతీ మాత్రం ఉంది. ఆడవాళ్ళంతా దాన్ని "బావగారు" అనేవాళ్ళు. మాటకి మాట చెప్పని మగాడు ఈ లోకంలో ఈయనొక్కడే అని వాళ్ళ వేళాకోళం. కుట్టి వచ్చిన ప్రతి జాకెట్టూ బావగారికి తొడగాలి, బకిల్ పెట్టాలి, ఆ పట్టీని రెండు చేతులా పట్టుకుని ఒంటి బరువంతా వేసి వేలాడాలి. పాదాలు నేల మీంచి లేవాలి. పది లెక్కపెట్టేదాకా పట్టీ ఊడకపోతే జాకెట్టు పాసైనట్టు. అప్పుడు లోపలివైపు, మెడ దగ్గర, పసుపు దారంతో చిన్న ముడి వెయ్యాలి. ఆ ముడి చూశాకే ప్యాకింగ్ వాళ్ళు జాకెట్టు ముట్టుకుంటారు. మిగతా చెకింగ్ వాళ్ళు పట్టీని ఒక్క గుంజు గుంజి వదిలేసేవాళ్ళు. ఈవిడ మటుకు గబ్బిలంలా వేలాడేది. అందుకని లాగుడక్క అయింది. పిలిచినప్పుడల్లా విసుక్కునేది గానీ, లోపల్లోపల మురిసిపోయేది.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే అక్కడ ఒక అలవాటుండేది. భోజనాల బెల్లుకి ముందు సూపర్‌వైజరు వచ్చి ముళ్ళు పడ్డ జాకెట్లు ఎన్నో చూసి బోర్డు మీద రాసేవాడు. బోర్డు మీద తక్కువ కనబడితే పైవాళ్ళు ఆయన్ని తినేసేవాళ్ళు, ఆయనొచ్చి వీళ్ళని తినేసేవాడు. అందుకని చెకింగ్ వాళ్ళు పొద్దుటి సరుకు మొత్తానికి ముందే ముళ్ళు వేసేసి, భోజనం చేసొచ్చి, అప్పుడు తీరిగ్గా లాగేవాళ్ళు. ప్యాకింగ్ వాళ్ళు మూడు గంటలకి గానీ రారు. ఎలాగూ ముడి వేసేదే, ఎలాగూ లాగేదే, ముందూ వెనకా అయితే కొంపలేం మునుగుతాయి అనుకునేవాళ్ళు. సూపర్‌వైజరుకీ తెలుసు. లాగుడక్క కూడా అలాగే చేసేది. అంత పేరు మోసిన మనిషి, అందరితో పాటు తనూ అదే చేసింది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

పద్దెనిమిదేళ్ళ కింద ఒక రోజు మూడో వరసలో పట్టీలకి అడ్డకుట్టు వేసే మిషను మొరాయించింది. కింది దారం వదులుగా పడుతోంది. పదకొండింటికి మెకానిక్కు వచ్చి సరిచేశాడు. అతను వచ్చేలోపల ఆ మిషను మీద కుట్టినవి నలభై జాకెట్లు ఆవిడ బల్ల మీదికి వచ్చాయి. వీటిని ఒకటికి రెండుసార్లు లాగాలి అనుకుంది. అనుకుని, వాటిని విడిగా పెట్టి, బెల్లు కొట్టేలోపు నలభైకీ ముళ్ళు వేసేసి భోజనం డబ్బా విప్పింది. రెండో ముద్ద నోట్లో ఉండగా ఆఫీసులోంచి కేక వచ్చింది. "నీకు ఫోను! మీ పాప బడి మెట్ల మీంచి పడిందట, ప్రాణం మీదికొచ్చిందట!"

డబ్బా మూత కూడా పెట్టలేదు. అలాగే పరిగెత్తింది. జాకెట్లు గుర్తుకు రాలేదు. ఏ తల్లికి గుర్తొస్తాయి చెప్పండి?

పిల్లకి గడ్డం చీలింది, నాలుగు కుట్లు పడ్డాయి, అంతే. మర్నాడు పనిలోకి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. ముళ్ళు ఉన్నాయి కదా, మూడింటికి ప్యాకింగ్ వాళ్ళు పట్టుకుపోయారు, నాలుగింటికి వ్యాను బయల్దేరింది. తిన్నగా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది. చెబుదామనే వెళ్ళింది. నోరు తెరిచింది కూడా. ఆయన కుర్చీలోంచి లేచి, "పాప ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"బానే ఉందండీ."

"పోన్లే, గండం గడిచింది. వెళ్ళి పని చూసుకో."

వెళ్ళి పని చూసుకుంది. మధ్యాహ్నం చెబుదాం అనుకుంది. మధ్యాహ్నం ఆయన విసుగ్గా ఉన్నాడు. రేపు అనుకుంది. సరుకు ఇంకా రేవు గోడౌనులోనే ఉంది, మూడు రోజులుంటుంది, ఒక్క ఫోను చేస్తే వెనక్కి వస్తుంది. చెబితే తన ఉద్యోగం పోతుంది. తనది పోతే పోయింది, ఆ అలవాటు బయటపడితే బల్ల దగ్గర మిగతా నలుగురివీ పోతాయి. అలా నీళ్ళు నముల్తూ ఉండగానే నాలుగో రోజు వచ్చింది, సరుకు ఓడలెక్కి ఊరూరికీ పోయింది. అంతవరకూ చెప్పాల్సిన మాటగా ఉన్నది, ఆ తర్వాత దాచాల్సిన మాట అయింది.

ఆ రోజు నుంచి ఆవిడ భయానికి సెలవు లేదు. ఎక్కడ పడవ మునిగిందని పేపర్లో పడినా ఆ ఫోటోలో నారింజ రంగు కోసం వెతికేది. మునిగినవాళ్ళు ఈత రాక పోయారని రాస్తే ఒక పూట ఊపిరి పీల్చుకునేది, తర్వాత అలా ఊపిరి పీల్చుకున్నందుకు తనని తనే తిట్టుకునేది. మొగుడికి చెప్పలేదు. గుండెదడ అని డాక్టరు మాత్రలిచ్చాడు, మాత్రలు మింగింది. తేలు కుట్టిన దొంగలా పద్దెనిమిదేళ్ళు నెట్టుకొచ్చింది. ముడి ముందు వెయ్యడం మటుకు ఆ మర్నాటి నుంచే మానేసింది. బోర్డు మీద ఆవిడ పేరు ఎప్పుడూ అడుగునే ఉండేది, సూపర్‌వైజరు తిడుతూనే ఉండేవాడు, ఆవిడ వేలాడుతూనే ఉండేది.

ఈ ఏడు రిటైరైంది. కూతురు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది, అమ్మానాన్నల్ని ఎక్కడికైనా తిప్పాలని దానికి కోరిక. మూడు టిక్కెట్లు తెచ్చి చేతిలో పెట్టేదాకా ఓడ ప్రయాణం అని చెప్పలేదు. ఎక్కిన రోజే, మొగుడు స్నానానికి వెళ్ళగానే, లాగుడక్క గది బీరువాలోని మూడు జాకెట్లూ తీసి, బీరువా తలుపుకి తగిలించి, ఒక్కొక్కదానికీ వేలాడి చూసింది. జాకెట్లు నిలబడ్డాయి. బీరువా తలుపే ఊడింది. మొగుడు వచ్చి చెంచా కాడతో మరలు బిగిస్తూ, "కొత్త ఓడ అన్నారు, డొక్కు బీరువా పెట్టారు" అని కంపెనీవాళ్ళని దులిపేశాడు. ఆవిడ కింద పడ్డ మరలు ఏరి అందించింది.

పెద్ద ఓడ సంగతి అలా తేలింది. చిన్న పడవలో ఏ జాకెట్లు ఇస్తారో ఎవరికి తెలుసు? మామూలుగా ఇలాంటివి ఏడెనిమిదేళ్ళకి పారేస్తారు. చిన్న పడవలవాళ్ళు పారెయ్యరు, చిరిగి పీలికలయ్యేదాకా వాడతారు. ఆ సంగతి ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

భోజనాలయ్యాక సాకులు మొదలుపెట్టింది. కడుపులో తిప్పుతోంది అంది. కూతురు మాత్ర ఇచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి అంది. పడవలో కూర్చోవడమేగా, నడిచేదేం లేదంది కూతురు. తిమింగలం తోకతో కొడితే పడవ తలకిందులవుతుందట అంది. "ఎవరు చెప్పారే అమ్మా నీకు, తిమింగలమా?" అని నవ్వింది కూతురు.

మొగుడు చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు కాదు, మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది. "దానికి భయమేస్తోందిలే, బలవంతం చెయ్యకు," అన్నాడు కూతురితో. "అమ్మ గదిలో పడుకుంటుంది. మనిద్దరం వెళ్ళొద్దాం."

లాగుడక్క ఈ మెలిక ఊహించలేదు. తను ఎక్కడం వేరు. తను ఎక్కి తను మునిగితే ఎక్కడో లెక్క సరిపోయిందనుకోవచ్చు. వీళ్ళిద్దరూ ఎక్కి, తను గదిలో తెల్లటి దుప్పటి మీద కూర్చుని గడియారం చూడటమా? "నేనే వెళ్ళి కనుక్కొస్తానుండండి," అని చెప్పులేసుకుంది.

కౌంటరులో నవ్వు మొహం పిల్ల కూర్చుని ఉంది.

"ఆ చిన్న పడవలో జాకెట్లు ఇస్తారా అమ్మా?"

"ఇస్తారండీ. అందరికీ ఇస్తారు."

"ఏ కంపెనీవి? ఏ ఏడు కుట్టినవి?"

ఆ పిల్ల ఇంతకు ముందు తిమింగలం కరుస్తుందా, బాత్రూమ్ ఉంటుందా, గొడుగు తెచ్చుకోవాలా అని అడిగినవాళ్ళని చూసింది. ఇలా అడిగిన మనిషిని చూడలేదు. "అది తెలీదండీ. పడవ వాళ్ళది కదా. పర్మిట్లన్నీ ఉన్నాయి. ఇదిగో, ఫోటో చూడండి," అని రంగుల పుస్తకం తిప్పి పెట్టింది.

ఫోటోలో ఒక అల, ఒక తోక, పడవ అంచున చేతులూపుతున్న పిల్లలు. పిల్లల ఒంటి మీద నారింజ జాకెట్లు. చదరపు మెడ, ముందు రెండు పట్టీలు. ఆవిడ ఇరవై తొమ్మిదేళ్ళు లాగిన కత్తిరింపు అదే. ఈ మూస మీద పది కంపెనీలు కుడతాయని ఆవిడకి తెలుసు. తెలిసి ఏం లాభం? పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పిల్లల మొహాల కేసి చూడలేక పుస్తకం మూసేసింది.

"ఇంకా పదకొండు సీట్లున్నాయండీ. ఎన్ని రాయమంటారు?"

"వద్దమ్మా," అంది.

గదికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "సీట్లు అయిపోయాయట" అంది.

మొగుడు అప్పటికే రేపటికోసం టోపీ తీసి మంచం మీద పెట్టుకుని ఉన్నాడు. దాన్ని మడిచి మళ్ళీ సంచిలో పెట్టేశాడు. "పోన్లే. టీవీలో చూస్తూనే ఉంటాంగా," అన్నాడు. కూతురు మాత్రం తల్లి మొహంలోకి చూసింది. కళ్ళజోళ్ళ షాపులో పిల్ల, అక్షరం కనబడిందో లేదో మనిషి మొహం చూసి చెప్పగలదు. టీ తాగొస్తానని బయటికి వెళ్ళింది.

అయిదున్నరకి తిరిగి వచ్చింది. చేతిలో టీ లేదు, మూడు చీటీలున్నాయి.

"పది సీట్లు ఖాళీగా ఉన్నాయి నాన్నా. మూడు రాయించాను," అంది. తర్వాత తల్లి వైపు తిరిగింది. "ఎందుకమ్మా అబద్ధం చెప్పావు? భయమైతే భయం అను. నాన్న మొహం చూశావా నువ్వు?"

లాగుడక్క మంచం కోడు పట్టుకుని కూర్చుంది. ఇంకో అబద్ధం కోసం వెతికింది, దొరకలేదు. పద్దెనిమిదేళ్ళుగా దాచింది కాస్తా అప్పుడు బయటికి వచ్చేసింది. వరసగా రాలేదు. ముందు నలభై అంది, తర్వాత ముళ్ళు అంది, వ్యాను అంది, కింది దారం వదులు అంది, మళ్ళీ నలభై అంది. సగం చెప్పేసరికి మొగుడు ఆవిడ పక్కన కూర్చున్నాడు. మొత్తం చెప్పేసరికి లేచి వెళ్ళి గుండ్రటి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఆ ఫోను చేసింది నేనేగా," అన్నాడు, అటే చూస్తూ.

"మీరే."

"ప్రాణం మీదికేం రాలేదు. అది బెంచీ మీద కూర్చుని కాళ్ళూపుతోంది, గడ్డానికి గుడ్డ అదుముకుని. రక్తం చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. ఒక్కణ్ణీ ఉండలేకపోయాను. మీ ఆఫీసువాడు, షిఫ్టు అయ్యాక పంపిస్తాం లెండి అన్నాడు. నువ్వు వెంటనే రావాలని అలా అనేశాను." కిటికీ అద్దం చేత్తో తుడిచాడు. "నీకు చెబుదామనుకున్నాను. నువ్వు ఎంత భయపడ్డావో చూశాక చెప్పబుద్ధి కాలేదు."

ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఇద్దరికీ ఒకే రోజు గురించి ఒక్కో దాపరికం. ఇంకెప్పుడైనా అయితే ఆవిడ ఆయన్ని నాలుగు ఉతికేది. ఆ సాయంత్రం ఆవిడకి కోపం రాలేదు, ఓపిక లేదు. కూతురి కేసి చూసింది. దగ్గరికి వచ్చి, ఒళ్ళో తల పెట్టుకుని, నీ తప్పేం లేదమ్మా అంటుందని ఆశపడింది. అంటే ఎంత బావుణ్ణో!

కూతురు గడ్డం కింద మచ్చ తడుముకుంది.

"ఇది ఎవరికైనా చెప్పావా అమ్మా?"

"మీకే. ఇప్పుడే."

"మాకు చెబితే ఏం లాభం? వేసుకునేవాళ్ళకి చెప్పాలి."

"ఇన్నేళ్ళయ్యాక ఎవరని వెతకనే? ఎక్కడున్నాయో, ఉన్నాయో లేవో..."

"అవి లేకపోతే మంచిదే. ఉంటే?" అంది కూతురు. కొట్టినట్టు అనలేదు, ఏడుస్తూ అనలేదు. షాపులో, ఈ కన్నుకి ఇంకో నంబరు పెరిగిందండీ అని చెప్పినట్టు అంది. "రేపు నువ్వు రా. మా జాకెట్లు నువ్వు లాగితేనే ఎక్కుతాను. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను, నాన్నా వెళ్ళడు."

మర్నాడు ఎనిమిదింటికి రేవులో దిగారు. గట్టు తడిగా ఉంది, చేపల వాసన. ఇరవై రెండు మంది వరసగా నిలబడ్డారు. పడవ నడిపేవాడు యాభై ఏళ్ళ మనిషి, ఎండకి మాడిన మొహం, మాట మెత్తన. ప్లాస్టిక్ బుట్టలోంచి నారింజ జాకెట్లు తీసి ఇస్తున్నాడు. లాగుడక్క వంతు వచ్చింది. గట్టు మీద పెట్టెలు ఎత్తే ఇనప కొక్కెం ఒకటి ఆవిడ అప్పటికే చూసిపెట్టుకుంది.

"బాబూ, ఇవన్నీ ఒకసారి లాగి చూస్తాను. పావుగంట పడుతుంది."

వెనక ఎవరో ఉస్సురన్నారు. అతను నవ్వాడు. "అక్కర్లేదమ్మా. అన్నీ చెక్ చేసినవే. ఇదిగో, లోపల ఉందిగా ముద్ర. ఆ చెకింగ్ అయ్యాకే అమ్ముతారు."

"ఆ ముద్ర వేసేది నాలాంటిదే బాబూ," అంది ఆవిడ.

అనడం నెమ్మదిగానే అంది. ఆ తర్వాత ఆగలేకపోయింది. ఏ గదిలో పనిచేసిందో, ముడి ఎప్పుడు వెయ్యాలో, తను ఎప్పుడు వేసిందో, నలభై జాకెట్లు లాగకుండా ఎలా పంపిందో, ఆ ఇరవై రెండు మందీ వినేలా చెప్పేసింది. తనని తంతారేమో అనిపించింది, తన్నినా బాగుండుననిపించింది. "నలభై మంది ప్రాణాలు!" అని ఒకావిడ గట్టిగా అంది. లాగుడక్క తల ఊపింది. అవును, నలభై.

పడవవాడి నవ్వు పోయింది. "ఏ కంపెనీ?" అన్నాడు.

చెప్పింది.

"ఏ ఏడు?"

చెప్పింది. ఆ సరుకు చీటీ మీది లాటు నంబరు కూడా చెప్పింది. ఏడు, ఒకటి, నాలుగు, తొమ్మిది. తన పుట్టిన రోజైనా మర్చిపోతుందేమో గానీ, దాన్ని ఎలా మర్చిపోతుంది?

"ఈ బుట్టలో ఉన్నవి నిరుడు కొన్నవి. మీ కంపెనీవి కావు," అన్నాడతను. చెబుతూనే జేబులోంచి ఫోను తీశాడు. "మా అన్నయ్యకి పై రేవులో చేపల పడవుంది. వాడి దగ్గర మీ కంపెనీవి ఉన్నాయి. పాతవి. పారెయ్యరా అంటే బాగానే ఉన్నాయంటాడు."

ఫోను మోగుతున్నంతసేపూ లాగుడక్క దేన్నీ చూడలేదు. సముద్రం లేదు, తిమింగలం లేదు, వెనక జనం లేరు. అవతల ఎవరో ఎత్తారు. అతను రెండు ముక్కలు చెప్పి, ఫోను ఆవిడ చేతిలో పెట్టాడు. "మీరే చెప్పండమ్మా."

"అయ్యా," అంది. మళ్ళీ అంది. "అయ్యా, మెడ లోపల చీటీ ఉంటుంది. దాని మీద నంబరు చదవండి."

అవతల మనిషి పడవలోకి దిగిన చప్పుడు, ఏవో తోసిన చప్పుడు. "రెండున్నాయమ్మా. నంబరు సరిగ్గా కనపడట్లేదు. ఏడు... ఒకటి... ఇది నాలుగే అనుకుంటా. చివరిది చెరిగిపోయింది."

ఆవిడ కళ్ళు మూసుకుంది. చివరి అంకె ఏదైనా కావచ్చు. ఆ జాకెట్టు తను బాగా లాగి పంపిన వేల వాటిలో ఒకటి కావచ్చు. అలా అనుకోవడం సులువు. పద్దెనిమిదేళ్ళుగా సులువైనవే అనుకుంటూ వచ్చింది.

"ఎలా చూడాలమ్మా ఇప్పుడు?"

"దేనికైనా గట్టిగా తగిలించండి. బకిల్ పెట్టండి. పట్టీ రెండు చేతులా పట్టుకుని ఒంటి బరువంతా వెయ్యండి. పాదాలు లేవాలి. పది దాకా లెక్కపెట్టండి."

పక్కన ఏదో అలికిడైతే కళ్ళు తెరిచింది. కూతురు బుట్టలోంచి ఒక జాకెట్టు తీసి కొక్కేనికి తగిలించి, చెప్పినట్టే రెండు చేతులా పట్టుకుని వేలాడుతోంది. మొగుడు పక్కన నిలబడి పైకే లెక్కపెడుతున్నాడు. ఉస్సురన్న మనిషి తన చేతిలోది విప్పి ఇచ్చి, తన వంతు కోసం నిలబడ్డాడు.

ఫోనులో కూడా లెక్క వినబడుతోంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు అనబోయే చోట ఏదో బరువైంది పడిన చప్పుడు, ఆ మీదట ఒక తిట్టు, ఆ మీదట ఏమీ లేదు.

"అయ్యా? అయ్యా, ఉన్నారా?"

"ఉన్నా," అన్నాడతను. గొంతు మారిపోయింది. "పట్టీ ఊడి చేతిలోకొచ్చిందమ్మా. మా పెద్దోడు రోజూ వేసుకెళ్ళేది ఇదే."

పాతబడి ఊడిందో, ఆ రోజు వదులు దారం వల్ల ఊడిందో చెప్పగలిగినవాళ్ళు లేరు. తనదే అని ఆవిడకి అనిపించింది. ఇన్నేళ్ళూ ఇది వినాల్సి వస్తుందనే వణికింది. విన్నాక కూడా వణుకు తగ్గలేదు, కానీ కూర్చోబుద్ధి కాలేదు. ఫోనుని రెండు చేతులా చెవికి అదుముకుంది.

"రెండోది లాగండి," అంది.